తడిసిన గొడుగుల పునరాగమనం

ఆ ఉదయం అనౌన్సరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడు నిమిషాల వాద్య సంగీతం రికార్డు ఒకటి పెట్టి, అది తిరుగుతున్నంతసేపూ ఫ్లాస్కులోని టీ తీరిగ్గా తాగాలి. ఎనిమిదింటికి వార్తలు. వార్తలు చదివే ఆయన వచ్చేదాకా స్టూడియోలో ఆవిడ ఒక్కతే. పద్దెనిమిదేళ్ళుగా రోజూ పొద్దున్నే "పాత పాటల పెట్టె" కార్యక్రమం నడుపుతున్న మనిషి ఆ మాత్రం సుఖం కోరుకోవడం తప్పేమీ కాదు.

ఆవిడ మాటంటే ఆ ఊళ్ళో జనానికి అంత గురి. ఫలానా పాట ఫలానా ఏడు వచ్చిందని ఆవిడ అంటే ఇక దాని మీద వాదన ఉండేది కాదు. ఆవిడ రేడియోలో టైము చెబితే, తేడా వచ్చినవాళ్ళు లేచి తమ గోడ గడియారం ముల్లు జరుపుకునేవారు. ఇన్నేళ్ళలో "నిన్న చెప్పినదానికి సవరణ" అని చదవాల్సిన అగత్యం ఒక్కసారి కూడా రాలేదు.

సరిగ్గా ఏడూ యాభై మూడుకి, కవరులోంచి తీస్తుండగా రికార్డు చేతిలోంచి జారింది. నేల మీద పడి రెండు ముక్కలైంది. తక్కిన రికార్డులున్న బీరువా తాళంచెవి లైబ్రేరియన్ జేబులో ఉంది. లైబ్రేరియన్ సెలవులో ఉన్నాడు. ఎదురుగా, మైకు తెరుచుకుందని చెప్పే ఎర్ర దీపం వెలిగింది.

"శ్రోతలకు నమస్కారం. ఈ ఉదయం మీకు వినిపించాలనుకున్న రికార్డు ఇప్పుడే పగిలిపోయింది" అందావిడ. అది నిజం. అక్కడితో ఆగినా బాగుండేది. కానీ ఇంకా ఆరున్నర నిమిషాలున్నాయి. "అది మామూలు రికార్డు కాదు" అంది. నోరు జారిందని అప్పుడే తెలిసింది, కానీ జారిన నోరు ఎక్కడో ఒకచోట ఆనుకోవాలి కదా. మూలన, పొద్దున్నే వానలో తడిసి ఇంకా నీళ్ళు కారుస్తున్న తన గొడుగు కనిపించింది. "తడిసిన గొడుగులు అనే బ్యాండు ఇచ్చిన ఒకే ఒక్క రికార్డు అది."

ఇక అక్కణ్ణించి కథ దానంతటదే నడిచింది. యాభై ఏళ్ళ కిందట ఆ బ్యాండులో నలుగురుండేవారు. పాడే అమ్మాయి ఎన్నడూ నవ్వి ఎరగదు. గిటారు వాయించేవాడిది ఎడమచేతి వాటం. డ్రమ్ములు వాయించేవాడు మొదటి దెబ్బ నుంచి చివరి దెబ్బ దాకా కళ్ళు తెరిచేవాడు కాదు. పియానో వాయించేవాడు జనానికి వీపు పెట్టి కూర్చునేవాడు. వాళ్ళ "ఒకే గొడుగు" పాట ఆ రోజుల్లో పాడని నోరు లేదు. ఒక సాయంత్రం పాట సగంలో పోట్లాడుకుని, వేదిక దిగి, నలుగురూ నాలుగు దారుల్లో వెళ్ళిపోయారు. మళ్ళీ ఎవరికీ కనిపించలేదు.

వార్తలు చదివే ఆయన లోపలికొచ్చి కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "పాపమండీ! కలిసుంటే ఎంత బాగుండేదో" అన్నాడు.

ఇంటికెళ్ళి ఈ ముచ్చట చెప్పి అత్తగారిని నవ్విద్దామనుకుంది అనౌన్సరమ్మ. రోజూ రేడియో ముందు కుర్చీ వేసుకుని కోడలి గొంతు వినడం అత్తగారికి అలవాటు. చెప్పులు విప్పకముందే ఆవిడ ఎదురొచ్చింది.

"ఎంత మంచి పని చేశావమ్మాయ్! తడిసిన గొడుగుల్ని ఈ కాలంవాళ్ళకి గుర్తు చేశావు."

"అత్తయ్యా, మీకు... తెలుసా?"

"తెలీకపోవడమేమిటే! ఆ పాట వస్తుంటే మీ మామగారు కూర్చునేవారా? కాళ్ళు ఆగేవి కావు ఆయనకి."

నిజం చెబితే పోయిన మామగారి కాళ్ళని తప్పుపట్టినట్టవుతుంది. అనౌన్సరమ్మ తల ఊపి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ కార్యక్రమానికి వారానికి పదకొండు ఉత్తరాలు వచ్చేవి. అందులో తొమ్మిది ఒకాయనే రాసేవాడు. ఆ వారం నాలుగు వందలొచ్చాయి. ఒకావిడ తన పెళ్ళిలో ఆ పాటే పెట్టారని రాసింది. ఒకాయన ఆ పాట విని సిగరెట్లు మానేశానన్నాడు, ఇంకొకాయన మొదలుపెట్టానన్నాడు. అన్నిటికంటే దట్టంగా ఉన్న కవరు ఒక రిటైరైన లెక్కల మేష్టారిది. పైన "తడిసిన గొడుగుల అభిమాన సంఘం, వ్యవస్థాపక అధ్యక్షుడు" అని అచ్చు వేయించి ఉంది.

స్టేషన్ మేనేజరు ఆ ఉత్తరాల గుట్ట పక్కన నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు. ఆయన మంచివాడే, కానీ ఎదుటివాళ్ళ వాక్యం పూర్తి కానిచ్చే ఓపిక లేదు.

"సార్, ఆ బ్యాండు సంగతి... అసలు నిజమేంటంటే..."

"నిజమేంటంటే ఈ నెలాఖరుకి మీ కార్యక్రమం తీసేద్దామని ఫైలు పెట్టాను. ఇదిగో, చించేస్తున్నాను" అంటూ ఆయన నిజంగానే చించాడు.

"అది కాదు సార్, ఆ నలుగురూ లేరు."

"లేరంటే? ఊళ్ళో లేరా? ఎక్కడున్నా పట్టుకురండి. మన వార్షికోత్సవానికి ఇంకా ఆరు వారాలుంది. టౌను హాల్లో పాడిద్దాం."

"సార్, వాళ్ళు ఎక్కడా లేరు!"

"మీరున్నారుగా! యాభై ఏళ్ళుగా ఎవరికీ గుర్తులేని బ్యాండుని తవ్వి తీసినవాళ్ళు, నలుగురు మనుషుల్ని తవ్వలేరా?" ఆయన అప్పటికే పత్రికవాళ్ళకి ఫోను తిప్పుతున్నాడు. మర్నాడు మూడు కాలమ్‌ల వార్త వచ్చింది: తడిసిన గొడుగులు మళ్ళీ ఒక్కచోట.

ఆ వార్త చించి సంచిలో పెట్టుకుంది అనౌన్సరమ్మ. ఆ సాయంత్రం తిన్నగా అక్కావాళ్ళింటికెళ్ళింది. బావగారు పియానోలు శ్రుతి చేసేవాడు. నలభై ఏళ్ళుగా ఊళ్ళో ఉన్న ప్రతి పియానో ఆయన చెవి దాటి వెళ్ళిందే గాని, ఆయన పదిమంది ముందు ఒక్క పాటైనా వాయించింది లేదు. శ్రుతి అయ్యాక తలుపు దగ్గరికి వేసి ఒక్క నిమిషం వాయించుకుని, మూత పెట్టేసి వచ్చేసేవాడు.

ఆయన కథంతా విని, పియానో తీగలు బిగించే శ్రుతికట్టె చొక్కా మీద తుడుచుకున్నాడు.

"జనానికి వీపు పెట్టి వాయించేవాడన్నావు కదూ?"

"అన్నాను బావా."

"అయితే నేనొస్తాను."

మిగతా ముగ్గుర్నీ ఆయనే పట్టుకొచ్చాడు. మొదటాయన ఆ ఊళ్ళో సగంమందికి గిటారు నేర్పిన మేష్టారు. శిష్యులు పెద్ద పెద్ద వేదికలెక్కారు, గురువు మాత్రం మేడ మీది గదిలోనే ఉండిపోయాడు. రెండో ఆయన సిటీ బస్సు నడిపి రిటైరైన డ్రైవరు. సిగ్నలు దగ్గర బస్సు ఆగితే స్టీరింగు మీద ఆయన వేళ్ళు వేసే దరువు వినడానికి ఆ రూటు జనం ముందు సీట్లకి ఎగబడేవారు. మూడో మనిషి దర్జీ ఆవిడ. డెబ్భైకి దగ్గర పడింది. కొలతలు తీస్తూ పాడుతుంటే, కొలతలిచ్చినవాళ్ళు ఇంకో రవిక కుట్టించుకుందామా అని ఆలోచించేవారు.

"ఎప్పుడూ నవ్వని అమ్మాయంటే నేనా?" అని దర్జీ ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వడంలో ఆవిడకి సాటి లేరు. బల్ల మీంచి కత్తెర పడినా నవ్వేది, పడకపోయినా నవ్వేది.

బావగారి షెడ్డులో, మూతలు తీసిన నాలుగు పియానోల మధ్య, ఆదివారం మధ్యాహ్నం మొదటి రిహార్సలు. పాట లేదు, వరస లేదు, ఉన్నదల్లా ఒక పేరు. "ఒకే గొడుగు అంటే ఏముంటుంది?" అని అడిగాడు డ్రైవరు. దర్జీ ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, మాట్లాడుతున్నట్టే అంది:

"గొడుగొక్కటే ఉంది మనకి,
ఇద్దరం తడుద్దాం రా..."

బావగారు ఆ మాటల్లో దాగున్న స్వరాన్ని వెతికి, ఒక్క మెట్టు మెల్లగా నొక్కాడు. గిటారు మేష్టారు దాని కింద ఇంకో మూడు స్వరాలు పరిచాడు. డ్రైవరు ఒక ఖాళీ పెట్టె బోర్లించి, దర్జీ ఆవిడ గజం బద్దతో దాని మీద చినుకులు కురిపించాడు. పావుగంటలో పల్లవి నిలబడింది. చీకటి పడకముందే చరణం వచ్చి చేరింది. ఉన్న పాటలు వినిపించడమే తప్ప లేని పాట పుట్టడం ఎన్నడూ చూడని అనౌన్సరమ్మ, చేతిలో టీ చల్లారిపోతున్నా తాగడం మర్చిపోయి కూర్చుంది. ఇంత పని చేయగలవాళ్ళు ఇన్నాళ్ళూ ఈ ఊళ్ళోనే, తన రేడియోకి నాలుగు వీధుల అవతలే ఉన్నారు.

రెండో ఆదివారం లెక్కల మేష్టారు దిగాడు, చంకలో నోటుపుస్తకంతో. అభిమాన సంఘం తరఫున పరిశీలనకి వచ్చానన్నాడు. గుమ్మంలోనే గిటారు మేష్టార్ని చూసి ఆగిపోయాడు.

"ఇదేంటండీ, కుడిచేత్తో వాయిస్తున్నారు? మీది ఎడమచేతి వాటం కదా!"

గిటారు మేష్టారు అనౌన్సరమ్మ వంక చూశాడు. ఆవిడ నేల వంక చూసింది.

"వయసు మీద పడింది కదండీ, మర్చిపోయాను" అన్నాడాయన.

"గుర్తు తెచ్చుకోండి. జనం ఒప్పుకోరు" అన్నాడు లెక్కల మేష్టారు. తర్వాత డ్రైవరు వైపు తిరిగాడు. "మీరేంటి సార్, కళ్ళు తెరుచుకుని?"

"ముప్పై ఏళ్ళు బస్సు నడిపానండీ. కళ్ళు మూస్తే వెనకాల యాభైమంది అరుస్తున్నట్టుంటుంది."

"బస్సా! మీరు బ్యాండు వదిలేసి బస్సు నడిపారా?" లెక్కల మేష్టారికి కళ్ళు చెమర్చాయి. అది కూడా నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

ఆ నాలుగు వారాలూ ఆ నలుగురూ పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. గిటారు మేష్టారు తీగలు తిరగేసి కట్టుకుని, డెబ్భై రెండేళ్ళ వయసులో మొదటి పాఠం నుంచి మొదలుపెట్టాడు. ఎదురుగా కూర్చున్న శిష్యులు, "వేలు ఇంకా గట్టిగా నొక్కాలి సార్" అని ఆయన మాటలే ఆయనకి అప్పజెప్పారు. ఒక్కరోజు కూడా విసుక్కోలేదాయన. డ్రైవరు కళ్ళకి గంతలు కట్టుకుని సాధన చేశాడు. దర్జీ ఆవిడ నవ్వు రాకుండా పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని రాగం తీసేది. బావగారొక్కడే హాయిగా ఉన్నాడు, గోడ వైపు తిరిగి.

చివరి రిహార్సలు అయ్యాక సూదులు డబ్బాలో వేస్తూ దర్జీ ఆవిడ అడిగింది. "అమ్మా, జనం చప్పట్లు కొడితే అవి ఆ నవ్వని అమ్మాయికే కదూ వెళ్తాయి? నేనెవరో చెప్పరుగా?"

నవ్వుతూనే అడిగింది.

టౌను హాల్లో ఆరు వందల కుర్చీలు. వచ్చినవాళ్ళు తొమ్మిది వందలు. అభిమానానికి గుర్తుగా అందరూ గొడుగులు తెచ్చారు. ముందు వరసలో లెక్కల మేష్టారు గొడుగు విప్పాడు, దాంతో వెనకవాళ్ళకి వేదిక కనిపించక వాళ్ళూ లేచి నిలబడి విప్పారు. చుక్క వాన లేని సాయంత్రం, పైకప్పు కింద తొమ్మిది వందల గొడుగులు. రెండో వరసలో అత్తగారు. వేదిక పక్కన మేనేజరు కాలరు సవరించుకుంటున్నాడు. అనౌన్సరమ్మ పరిచయ వాక్యాలు చదివి తెర పక్కకి తప్పుకుంది.

"ఒకే గొడుగు" మొదలైంది. తప్పేమీ లేదు, అలాగని ప్రాణమూ లేదు. గిటారు మేష్టారి ఎడమచెయ్యి ఒక్కో తీగనీ అనుమతి అడిగి మీటుతున్నట్టుంది. దర్జీ ఆవిడ మూతి బిగించి పాడుతోంది. చరణం దగ్గర, కళ్ళు మూసుకున్న డ్రైవరు వేసిన దెబ్బ డ్రమ్ము అంచుకి తగిలి, పుల్ల చేతిలోంచి ఎగిరి, గాల్లో మూడు మొగ్గలేసి, లెక్కల మేష్టారి గొడుగు మీద టప్పున పడింది. "వానొచ్చిందా?" అని అరిచాడు మేష్టారు, గొడుగు కింద నుంచి.

దర్జీ ఆవిడ ఆపుకుంది. ఒకటి, రెండు, మూడు అనేంతసేపు ఆపుకుంది. తర్వాత మైకులోనే ఫక్కుమంది. ఆ నవ్వు హాలంతా దొర్లుకుంటూ వెళ్ళి గోడలకి తగిలి వెనక్కొచ్చింది. యాభై ఏళ్ళుగా నవ్వని మనిషి నవ్వేసరికి జనం కొయ్యబారిపోయారు. ఆ చప్పుడుకి డ్రైవరు కళ్ళు తెరిచేశాడు. తెరిచాక ఇక మూయలేదు. ఇంకో పుల్ల అందుకుని, పల్లంలో బ్రేకు వదిలిన బస్సులా అందుకున్నాడు. గిటారు మేష్టారు ఆ వేగం చూసి, తిరగేసి కట్టిన గిటారు పక్కన పెట్టి, ధైర్యం కోసం కుర్చీ వెనక దాచుకున్న తన పాత గిటారు తీశాడు. కుడిచెయ్యి తీగల మీద పడగానే ముందు వరసలోని శిష్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్ళూ వాళ్ళకి నేర్పింది ఆయన దగ్గరున్నదాంట్లో పావు వంతే!

ఇది విన్న బావగారు లేచాడు. ఎడమచేత్తో మెట్లు నొక్కుతూనే, జీవితమంతా పియానోలు జరిపిన భుజాన్ని ఆనించి, చక్రాల మీదున్న ఆ పియానోని ఒక్క తోపు తోసి తిప్పేశాడు. అటువైపు వెళ్ళి కూర్చుని, జనం మొహాల్లోకి సూటిగా చూస్తూ రెండు చేతులా వాయించాడు. అక్క నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన మొహం అలా వెలగడం ఆవిడా చూడలేదు.

పాట ముగిసింది. చప్పట్లు ఇంకా లేవకముందే లెక్కల మేష్టారు లేచాడు.

"ఆపండి! వీళ్ళు వాళ్ళు కాదు! ఇది మోసం!"

మేనేజరు మొహం సున్నం కొట్టినట్టయింది. అనౌన్సరమ్మ వేదిక మధ్యకి నడిచి మైకు అందుకుంది. పద్దెనిమిదేళ్ళ పేరు ఒక పక్కన, దర్జీ ఆవిడ అడిగిన మాట ఇంకో పక్కన. రెంటినీ తూచడానికి పెద్దగా టైము పట్టలేదు.

"మేష్టారు చెప్పింది నిజం. వీళ్ళు వాళ్ళు కాదు, ఎందుకంటే వాళ్ళు లేరు. ఆ రోజు రికార్డు పగిలింది, నాకేం చెప్పాలో తోచలేదు, నోటికొచ్చింది చెప్పాను. తప్పు నాది. ఇదిగో, ఈయన మా బావగారు, పియానోలు శ్రుతి చేస్తారు. ఈయన గిటారు నేర్పుతారు. ఈయన బస్సు మీరందరూ ఎక్కే ఉంటారు. ఈవిడ దర్జీ. ఇప్పుడు మీరు విన్న పాట యాభై ఏళ్ళ కిందటిది కాదు, అయిదు వారాల కిందటిది. మాట ఈవిడది, వరస వీళ్ళది. చప్పట్లు కొడితే వీళ్ళకి కొట్టండి. తిట్టాలంటే నన్ను తిట్టండి."

ముందుగా లేచింది అత్తగారు.

"నేనూ ఒకటి చెప్పాలి" అందావిడ. "ఆ పాట నాకు గుర్తు లేదు. మా ఆయన అసలు డాన్సే చేసేవారు కాదు. నా కోడలు రేడియోలో ఒక మాటంటే, కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు."

"అత్తయ్యా!"

"ఊరుకో అమ్మాయ్. నీ మాట నిలబెడదామని నేను, నేను నొచ్చుకుంటానని నువ్వు. ఇద్దరం కలిసి ఊరంతటినీ ముంచాం."

ఎవరో కిసుక్కుమన్నారు. వెనకనుంచి ఒకావిడ, తన పెళ్ళిలో పెట్టింది వేరే పాటని ఒప్పుకుంది. సిగరెట్లు మానేసినాయన ఇంకా కాలుస్తూనే ఉన్నానన్నాడు. అందరూ లెక్కల మేష్టారి వంక చూశారు. ఆయన గొడుగు మెల్లగా ముడిచాడు.

"సంఘం కూడా లేదండీ. నేనొక్కణ్ణే" అన్నాడు. "రిటైరయ్యాక ఎవరూ పిలవడం లేదు. దేనికో దానికి అధ్యక్షుడిగా ఉందామనిపించింది." గొంతు సవరించుకుని, "ఆ పాట మాత్రం మళ్ళీ పాడించండి. ఈసారి నవ్వుతూనే పాడమనండి" అని కూర్చున్నాడు.

అప్పుడు లేచాయి చప్పట్లు. దర్జీ ఆవిడ ఆ రాత్రి ఆ పాట ఎన్నిసార్లు పాడిందో అన్నిసార్లూ నవ్వుతూనే పాడింది. ఒక్క చోట మాత్రం పాట ఆపి చేతులు జోడించింది. జనం ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచిన చోట.

సోమవారం పొద్దున్న అనౌన్సరమ్మ తన జీవితంలో మొదటి సవరణ చదివింది. ఉద్యోగం పోతుందనుకుని బల్ల మీది సామాను సర్దుకుంది కూడా. మేనేజరు వచ్చి, "ఈ వారం ఎనిమిది వందల ఉత్తరాలండీ. ఇంకేమన్నా సవరించాల్సినవి ఉన్నాయా?" అని అడిగాడు. లెక్కల మేష్టారి సంఘంలో నిజంగానే నూటపాతికమంది చేరారు. పేరు మార్చుకుందామని బ్యాండువాళ్ళు అంటే సంఘం ఒప్పుకోలేదు. ఆదివారాలు షెడ్డులో కుర్చీలు చాలక, బావగారు పియానోల మూతలు బల్లలుగా వేస్తున్నాడు.

నెల తిరక్కుండానే స్టేషనుకి పక్క ఊరి లాయరు దగ్గర్నుంచి రిజిస్టర్డ్ నోటీసు వచ్చింది. యాభై ఏళ్ళ కిందట ఊళ్ళని ఉర్రూతలూగించిన అసలు సిసలు తడిసిన గొడుగులు తన కక్షిదారులేననీ, ప్రస్తుతం ఆ పేరుతో పాడుతున్న నలుగురూ నకిలీలనీ, వెంటనే మానుకోకపోతే కోర్టుకెళ్ళాల్సి వస్తుందనీ అందులో ఉంది. అనౌన్సరమ్మ రెండుసార్లు చదివి, మేనేజరు చేతికిచ్చింది.

కక్షిదారుల సంతకాలు కింద అయిదున్నాయి.